మిరుగం చేపకై మొగిలి చేసిన గాలియుద్ధము

శ్రీమద్గోదావరీ దక్షిణతీరమున, పాతాళాంధకారమున బొగ్గు దవ్వి పైకివచ్చి బీడీ ముట్టించు మహావీరులకు నిలయమగు గోదావరిఖనిలో, క్రీస్తుశకము పందొమ్మిదివందల డెబ్బదియొకటవ యేట, రోహిణి యెండలకు మాడిన మాడులు ఇంకను చల్లారకమునుపే మృగశిరకార్తె ప్రవేశించిన పుణ్యదినమున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. వినువారు కుదురుగా కూర్చుందురుగాక. మధ్యలో లేచిపోవువారు తమ పులుసు తామే చూచుకొందురుగాక.

ఆ సీమలో మృగశిరను మిరుగమందురు; ఆనాడు చేప వండని కొంప లేదు. తిననివానిని ఏడాది పొడవునా దగ్గూ దమ్మూ పీడించునని పెద్దల మాట. అట్టి దమ్ముతోనే ఊపిరి ఎగబీల్చుచు, మిరుగపు చేప నోట బడినచో తగ్గునను ఆశతో, జైపూరునుండి కూతురింటికి విచ్చేసిన సారవ్వ గడపకాడ ఆసీనురాలై యుండెను. ఆమె యల్లుడే మన నాయకుడు: తట్టాపారాయుధుడు, బొగ్గుటబ్బుపూరణధురంధరుడు, మొదటిషిఫ్టుమార్తాండుడు, మొగిలి. ఆ దినమాతనికి డ్యూటీ లేదు. ఉన్నను బాగుండెడిది.

ఉదయమున పోశం చేపలగంప నెత్తిన బెట్టుకొని వాకిటికి రాగా, మొగిలి భార్య లింగవ్వ గిన్నె పట్టుకొని లేవబోయెను. అంతట నాయకుడు సింహనాదము చేసెను.

“ఆగే లింగవ్వా! కొన్న చాప నా పొయ్యెక్కుడా? బొగ్గు గుట్టలెత్తిన చేతులివి, ఒక్క కొర్రమట్టను ఎత్తయా? పోశమన్నా, నీ గంప వద్దు, నీ దోనె ఇయ్యి! లింగవ్వా, నువ్వు చింతపండు నానెయ్యి. పులుసు మసిలేటాళ్లకు చాపతోని వస్త!”

సారవ్వ కొంగు దులిపి ప్రతిజ్ఞ పలికెను. “అల్లుడా, మీసం ఎన్కకు మెలేద్దువు, ముందుగాల చాప తే! పొయ్యి మీదికి చాప రాకుంటె మెతుకు ముట్టకుంట పోత. మల్ల నీ గడప తొక్కితె ఒట్టు!”

లింగవ్వ నెత్తి కొట్టుకొనెను. పోశం మిక్కిలి సంతోషించి, దోనె వాడుకొమ్మని చెప్పి, గంపెడు చేపలను పక్కవాడలో అమ్ముకొని పోయెను. ఇక ఆనాటి గిరాకికి అంగడంతయు గాలించినను చేపతోక దొరకదు.

పట్టణము వెలుపల గుండ్లచెరువు. దానిలో తాటిమొద్దు తొలిచిన పోశం దోనె; మనిషి తుమ్మినచో అదియు తుమ్మును. వానపాముల డబ్బా అమ్ములపొదిగా, గాలపుకర్ర విల్లుగా, గోనెపట్టా సింహాసనముగా మొగిలి దానినధిరోహించి, గడతో నెట్టుకొనుచు నట్టచెరువు జేరెనో లేదో, నైరుతినుండి మిరుగపు గాలి విజృంభించెను. విసరిన గాలము వెనుదిరిగి విసరినవాని యంగీనే పట్టెను. ఊడదీసి మరల విసరగా దోనె గిర్రున దిరిగెను, డబ్బా బోర్లపడెను, వానపాములన్నియు నీటిపాలయ్యెను. గాలమునకున్న ఒక్క వానపామే మిగిలెను. అయ్యో మొగిలీ, ఏమి చేయుదువు?

కట్టమీద రహమతుల్లా కూర్చుండి చూచుచుండెను. మొగిలి షిఫ్టులోనే, గనికప్పు కూలకుండ కొయ్యదిమ్మెలు నిలబెట్టువాడు.

“జల్ది వాపస్ రా మొగిలన్నా! గాలి మస్తు జోరున్నది!”

“ఎట్లొస్త భాయ్? అత్త మెతుకు ముట్టదట! గనిల గాలి ఆపాలంటె ఏం జేస్తం చెప్పు?”

“పరదా గడ్తం.”

“మరి ఈడ గట్టరాదా?”

“వహ్వా! కట్టు మల్ల, ఏం ఫికర్ లేదు!”

పాతాళమున గోనెగుడ్డతో అడ్డముగా గట్టు ఆ పరదా ఎంతటి గాలినైనను నిలుపును. మొగిలి గోనెపట్టాను గడకు గట్టి దోనె నడుమ నిలిపెను. గనిలో గోడలు కదలవు, చెరువులో దోనె కదులును. ఈ చిన్న సంగతి, ఏండ్లకేండ్లు గాలితో కాపురము చేసిన ఆ మహావీరులలో ఒక్కనికిని తోచలేదు. పరదా పొట్ట ఉబ్బెను. దోనె ఉరికెను.

“ఓ రహమతన్నా! ఆగుతలేదే!”

“పరదా గట్టిగ పట్టుకో అన్నా!” అని ఆ మంత్రివర్యుడు కట్టవెంబడి పరుగిడుచు ఉపదేశించెను. ఆ ఉపదేశమును పాటించినందున దోనె మరింత ఉరికి, ఆవలిగట్టున తుంగలో దూరి, నాయకుని బురదలోనికి విసిరికొట్టెను. లేచి, కండ్లు తుడుచుకొని, వెనుక ఈడ్చుకొనివచ్చిన గాలము లాగి చూడగా, దాని చివర ఒక పరకచేప తపతప కొట్టుకొనుచుండెను. చిటికెనవేలంత యుండెను. వేలిదే కొంచెము పొడవు.

ఇంటిలో పులుసు మసిలి మసిలి చిక్కబడెను. సారవ్వ సంచి చంకన బెట్టుకొని నిలుచుండెను. ఆపాదమస్తకము బురదయై వచ్చిన యల్లుడు గుప్పిట విప్పెను.

“గిదేనా నీ కొర్రమట్ట?”

“గాలిల గింతే దొరికింది అత్తా.” మొగిలి తల దించుకొనెను. అతనికి నిజముగా ఏడుపు వచ్చెను.

సారవ్వ చేపను చూచెను, అల్లుని చూచెను, సంచి దించెను. “చాప చాపనే. ఎయ్యే లింగవ్వా.”

వడ్డించినప్పుడు సారవ్వయే గరిటెతో కుండంతయు గాలించి దానిని పట్టెను. అది మొగిలి పట్టినదానికంటె కష్టమైన వేట. పట్టి, గోటితో రెండు చేసి, పెద్దముక్క అల్లుని కంచములో వేసెను.

“నీకే పెట్టుకో అత్తా, దమ్ము నీకున్నది.”

“నాదేముంది బిడ్డా, పండుటాకు. దినాం బొగ్గుపొడి మింగేటోనివి నువ్వు. తిను.”

మొగిలి తినెను. ముల్లుతో సహా తినెను. దిక్కులు వినుగాక, చరిత్ర వ్రాసికొనుగాక: మహామిరుగ సంగ్రామమున మొగిలి అరచేప గెలిచెను, సారవ్వ ఆ సాయంత్రము జైపూరు పోలేదు.