అమ్మవారి కంటి ఆపరేషన్

ఆ ఆదివారం పొద్దున అనసూయమ్మ మనసులో రెండే పనులున్నాయి. ఆ రోజు కొడుకు హరీష్ తీస్తున్న చిన్న సినిమాలో ఒక సీను చేసిపెట్టడం, మర్నాడు హనుమకొండ వెళ్ళి కుడికంటికి ఆపరేషన్ చేయించుకోవడం. మొదటిది చేస్తేనే రెండోదానికి సెలవు పెడతానని కొడుకు బేరం పెట్టాడు. ఆమె మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఎడమ కన్ను ఎప్పుడో మసకబారింది. కుడికంట్లో పొర ముదిరి తెల్లగా మెరుస్తోంది. భర్త మల్లికార్జున్‌కు ఎనుమాముల మార్కెట్లో రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. ఆపరేషన్ మాట ఎత్తినప్పుడల్లా "మిర్చి సీజన్ అయిపోనీ" అంటాడు. మిర్చి అయిపోతే పత్తి వస్తుంది. పత్తి సర్దుకునేసరికి మళ్ళీ మిర్చి దిగుతుంది. మూడేళ్ళుగా ఇదే వరస.

హరీష్‌కు మడికొండలో ఐటీ ఉద్యోగం, మనసంతా సినిమాల మీద. అతను రాసుకున్నది భయపెట్టే కథే గానీ అందులో దెయ్యాలుండవు. భక్తి ముదిరి పిచ్చిగా మారిన ఒక తల్లి, ఇంటికి తాళం వేసి, ఒకరి మీద ఒకరికి అనుమానం పుట్టించి, చివరికి ఇంటిని వల్లకాడు చేస్తుంది. మూఢభక్తి మనుషుల్ని ఏం చేస్తుందో లోకానికి చెప్పాలని అతని ఆరాటం. నటిని పెట్టుకునే స్తోమత లేదు. తల్లయితే అడిగిందే తడవుగా చేస్తుంది, పైగా టిఫిన్ కూడా తనే చేసి పెడుతుంది.

"డైలాగ్ యాదికున్నదా అమ్మా?"

"ఉన్నది బిడ్డా. రేపు పొద్దున దవాఖానకు పోవాలె, నీకు యాదికున్నదా?"

"ఉన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు."

కోడలు లావణ్య అత్తగారి ముఖానికి పసుపు పూసి, పెద్ద కుంకుమబొట్టు పెట్టి, జుట్టు విరబోసి, చేతికి వేపకొమ్మ ఇచ్చింది. హరీష్ ఫోను స్టాండుకు బిగించాడు. అమ్మవారు పూనినట్టు శిగమూగడం అనసూయమ్మకు ఒకరు నేర్పక్కర్లేదు, బోనాల్లో చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఒళ్ళంతా ఊపుతూ, పళ్ళు కొరుకుతూ, కొడుకు రాసిన మాటలు అప్పజెప్పింది.

"ఈ ఇంట్ల ఒకరు అబద్ధమాడుతాన్రు. వాళ్ళు దొరికేదాక ఎవ్వరు గడప దాటొద్దు."

సరిగ్గా అప్పుడే మల్లికార్జున్ లోపలికి వచ్చాడు. వెనకాలే దుకాణంలో వాటాదారు రాజమల్లు ఉన్నాడు. ఇద్దరూ ఇడ్లీలు తిందామని వచ్చారు. రాజమల్లు ఆ మాట విన్నాడు, ఆ రూపం చూశాడు, గడపలోనే సాష్టాంగపడ్డాడు.

"తప్పయింది తల్లీ. మిర్చి బస్తాల మీద నీళ్ళు చల్లింది నేనే. తూకం పెరుగుతదని చల్లిన. సేటుకు తెల్వది. పిల్లలు గలోన్ని, నన్ను సల్లగ చూడు."

మల్లికార్జున్ ముందు రాజమల్లును చూశాడు, తర్వాత భార్యను చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మాటకు ఒక మనిషి తల తిప్పడం కూడా ఆయన ఎరగడు. అలాంటిది మనిషే కిందపడ్డాడు. ఆయన రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

"బాపూ, ఇది యాక్టింగ్. నా సినిమా" అన్నాడు హరీష్.

"ముందు చెంపలేసుకో" అన్నాడు తండ్రి.

అనసూయమ్మ ఊగడం ఆపి వేపకొమ్మ కింద పెట్టింది. "వాడు చెప్పింది నిజమేనయ్యా. నేను ఉత్తగనే చేసిన. లే రాజమల్లూ, ఇడ్లీలు సల్లారుతానయి."

రాజమల్లు లేవలేదు. పడుకునే అన్నాడు, "అమ్మవారు ఎన్నడన్న నేనే అమ్మవారినని ఒప్పుకుంటదా సేటూ? మనల్ని పరీక్ష చేస్తాంది."

ఈ తర్కానికి విరుగుడు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. జన్మలో తన మంచినీళ్ళు తాను ముంచుకోని మల్లికార్జున్ వంటింట్లోకి పరుగెత్తి, చెంబులో పసుపు నీళ్ళు కలిపి, వేపాకులు వేసి తెచ్చి, అమ్మవారికి పోసినట్టు భార్య కాళ్ళమీద సాక పోశాడు. "శాంతించు తల్లీ" అన్నాడు. సినిమా అని రుజువు చేయడానికి హరీష్ ఫోనులో వీడియో చూపించాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

"సూడు, ఆ సూపు మనిషి సూపేనా? ఎటు సూస్తాందో తెలుస్తాందా? కన్నెట్ల మెరుస్తాందో సూడు" అన్నాడు మల్లికార్జున్.

"అది పొర మామయ్యా. అత్తమ్మకు ఫోను ఏడున్నదో కనపడలే. రేపు తీసేది ఆ పొరనే" అంది లావణ్య. ఆమె మాట ఎవరికీ ఎక్కలేదు.

ఆ వీడియోను రాజమల్లు తన ఫోనుకు పంపించుకుని, అక్కడినుంచి తెలిసినవాళ్ళందరికీ పంపాడు. మధ్యాహ్నానికి వాళ్ళుండే మేడ మెట్లనిండా జనం. ఒకాయన బోరు ఎక్కడ వేయాలని అడిగాడు, ఒకావిడ అల్లుడి బదిలీ గురించి అడిగింది. అనసూయమ్మ ప్రతివారికీ "నాకేం తెల్వది బిడ్డా" అనే చెప్పింది. తల్లికి తెలుసుగానీ చెప్పే ఘడియ ఇంకా రాలేదని వాళ్ళు సంతోషంగా కొబ్బరికాయలు కొట్టి మెట్లు దిగారు.

సాయంత్రం మల్లికార్జున్ అందరినీ పంపేసి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలకు దోపుకున్నాడు.

"రాజమల్లు దొరికిండు గద బాపూ, ఇంకెందుకు తాళం?"

"వాడు ఈ ఇంటోడు కాదు. తల్లి ఏమన్నది? 'ఈ ఇంట్ల' అన్నది. అబద్ధమాడేది మీలనే ఒకరు. దొరికేదాక అందరు ఒక్కపొద్దు."

ఆ మాటలు రాసింది హరీషే. పదాలు బలంగా రావాలని మూడుసార్లు తిరగరాశాడు కూడా. ఇప్పుడు వాటిలో సందు వెతికితే దొరకలేదు. పొయ్యి వెలగలేదు. మల్లికార్జున్ హాల్లో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచి విచారించాడు. జ్వరమని ఆఫీసుకు అబద్ధం చెప్పి హరీష్ సినిమాకు వెళ్ళాడని లావణ్య బయటపెట్టింది. కాజీపేటలో పుట్టింటికని చెప్పి లావణ్య చీరల కొట్టుకు వెళ్ళిందని హరీష్ బయటపెట్టాడు. దీపాలు పెట్టేవేళకు మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. తన సినిమా ఇంత బాగా వస్తుందని హరీష్ ఎన్నడూ అనుకోలేదు. అతనికి ఏడుపొచ్చింది.

అనసూయమ్మ పసుపు కాళ్ళతో, ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చుంది. మల్లికార్జున్ మాటిమాటికీ వచ్చి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఆయన ఆమెను అంత ప్రేమగా చూసింది లేదు. ఆమెకు ఆయనంటే మొదటిసారి భయం వేసింది.

సోమవారం పొద్దున కింది పోర్షన్‌లో ఉండే షహనాజ్ బేగం ఆటో పిలిపించి పైకి వచ్చింది. ఆపరేషన్‌కు తోడు వస్తానని మాటిచ్చిన మనిషి. తలుపుకు తాళం చూసి కిటికీలోంచి పిలిచింది.

"అనసూయక్కా, ఆటో వచ్చింది. టైం అయితాంది."

"ఆమె యాడికి రాదు. ఆ కన్ను అమ్మవారిది. దానిమీద కత్తి పెట్టనిస్తనా?" అన్నాడు మల్లికార్జున్.

"ఆ కన్ను బాగైతే మీ అమ్మవారు ఇంక మంచిగ సూస్తది గద భాయ్."

ఆయన తాళంచెవిని మొలలో ఇంకా లోపలికి దోపుకున్నాడు. అనసూయమ్మ లేచి గోడ పట్టుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. "ఏమయ్యా, జర ఇను. బియ్యంల రాళ్ళు కనపడ్తలేవు. మెట్లు కనపడ్తలేవు. నీ ముఖం సుత మసకనే. రేపోమాపో మొత్తం చీకటైతది. నాకు భయమైతాంది."

"లోకమంత సూసే తల్లివి. నా ముఖమెంత నీకు" అని ఆయన ఒంగి ఆమె పాదాలు ముట్టుకున్నాడు.

అనసూయమ్మగా ఎంత మొత్తుకున్నా తలుపు తెరుచుకోదని ఆమెకు అర్థమైంది. ఇక మిగిలింది ఒకటే దారి. జుట్టు ముడి విప్పింది. వాడిపోయిన వేపకొమ్మ అందుకుంది. నిన్న కొడుకు కోసం ఊగింది, ఇవాళ తన కన్ను కోసం ఊగింది. ఆ ఊపుకు కుర్చీ పక్కకు పడిపోయింది.

"అబద్ధమాడింది ఈ అనసూయనే. దొంగ దొరికింది. తలుపు తెరువు. దీన్ని దవాఖానకు తోలి కంట్ల పొర తీపియ్యి. లేకుంటే ఈ ఇల్లు నిలవది."

లావణ్య చెంపలేసుకుంది. అంతా తెలిసిన హరీష్ కూడా చేతులు జోడించాడు. కిటికీ దగ్గర షహనాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లికార్జున్ మాత్రం భార్యను చాలాసేపు తేరిపారజూశాడు. జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి.

"ఇది అమ్మవారు కాదు" అన్నాడు. "అమ్మవారు అడిగితే కోడినో మేకనో అడుగుతది, దవాఖాన అడుగుతదా? గిది అనసూయనే. ఇన్నేండ్ల సంది కాపురం చేస్తాన, నాకు తెల్వదా? మూడేండ్ల సంది గిదే పాట."

తాళంచెవి తీసి తలుపు బార్లా తెరిచాడు. నిన్న పోసిన సాక నీళ్ళు గుర్తుకొచ్చి ఆయన ముఖం కందగడ్డ అయింది. వెంటనే రాజమల్లుకు ఫోన్ చేసి, అంతా ఉత్తదేనని చెప్పాడు.  రాజమల్లు, "అట్లనా సేటూ? నేను సుత ఉత్తగనే అన్న. నీళ్ళు లేవు, ఏం లేవు" అన్నాడు. ఆ మాట మల్లికార్జున్ ఠక్కున నమ్మాడు.

లావణ్య ఆస్పత్రికి ఫోన్ చేసింది. వేళ దాటిపోవడంతో ఆ వంతు వేరేవాళ్ళకు ఇచ్చేశారట. మళ్ళీ ఎప్పుడిస్తారో కనుక్కోబోతుంటే మామగారు చెయ్యి ఊపాడు. "ఇంటి పరువు తీసింది చాలు. మిర్చి సీజన్ అయినంక సూద్దాం." షహనాజ్ మెట్లు దిగి ఆటోను పంపేసింది. హరీష్ తల్లి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, ఇప్పుడు చేసింది రికార్డు కాలేదే" అన్నాడు. ఇంకా ఏదో అడగబోయి, లావణ్య చూపు చూసి ఆగిపోయాడు.

"అనసూయా, చాయ్ పెట్టు" అన్నాడు మల్లికార్జున్.

నిన్నటినుంచి ఆయన ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. అనసూయమ్మ జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళి, చక్కెర డబ్బా కోసం అరుగంతా చేత్తో తడుముకుంది. అబద్ధమాడిన మనిషి దొరికింది కాబట్టి ఆ పూట ఇంటిల్లిపాదీ నిమ్మళంగా చాయ్ తాగారు.