గాజుపెట్టెలో శివరాం

ఆ మంగళవారం రత్నాబాయి అనుకున్నది చాలా చిన్న పని. పదింటికల్లా మొగుణ్ణి ఆక్సిజన్ పెట్టే క్లినిక్‌కి తీసుకెళ్ళాలి, ఒంటిగంటకు కామాటిపురలో ఇంటికి తిరిగొచ్చి పప్పుకు తాళింపు వెయ్యాలి. అంతే.

శివరాం ముప్పై ఏళ్ళు ముంబైలో వెదురు పరంజాలు కట్టిన మేస్త్రీ. అతను కింద నిలబడి తిడితే ఐదో అంతస్తులో ఉన్న కూలీ కూడా ముడి సర్దుకునేవాడు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, నోరు రెండూ పడిపోయాయి. చెయ్యి కాస్త తేరుకుంది గానీ నోట్లోంచి "ఆఁ" తప్ప మరో మాట లేదు. అన్నం కావాలన్నా ఆఁ, వద్దన్నా ఆఁ. ఆ తిట్లు వినబడక ఇల్లు బోసిపోయిందని రత్నాబాయి కుమిలిపోయేది. గాలి ఒత్తిడి పెంచిన పెట్టెలో ఆక్సిజన్ పీలిస్తే కొందరికి మేలు కనిపించిందట. గ్యారంటీ ఏమీ లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఒక్క మాట వస్తే చాలు, తిట్టయినా సరే అనుకుంది ఆమె.

క్లినిక్‌లో టెక్నీషియన్ శైలేష్ గుమ్మంలోనే ఆపేశాడు. లోపల నిప్పు భయం కనుక తలకు నూనె ఉండకూడదన్నాడు. మంచి పనికి వెళ్తున్నామని రత్నాబాయి పొద్దున్నే అరసీసా కొబ్బరినూనె పట్టించి మరీ తెచ్చింది. తల రుద్ది కడిగారు. తాయెత్తు, మొలతాడు తీయించారు. తెల్లటి నూలు బట్టలు తొడిగి గాజుపెట్టెలో పడుకోబెట్టారు. ఒంటి మీద దేవుడి దారమైనా లేకుండా పంపడానికి ప్రాణం ఒప్పక, గుడి నుంచి తెచ్చిన బంతిపూల దండ పెట్టె పైన వేసిందామె. దోమల బెడద లేని ఆ పెట్టెలో శివరాం హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆమె మురిసిపోయి ఫోటో తీసి, తాముండే వరసగదుల చాల్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మాటలు టైపు చెయ్యడం ఆమెకు రాదు. తర్వాత శైలేష్ చెప్పినట్టే ఫోన్ ఆపేసి కూర్చుంది.

ఆ ఫోటో మొదట చూసింది పక్కగది తారాబాయి. గాజుపెట్టె, తెల్లబట్టలు, పైన పూలదండ. ఊరి నుంచి చుట్టాలు వచ్చేదాకా శవాన్ని ఉంచే ఐసుపెట్టెను ఆ చాల్ ఎన్నిసార్లు చూడలేదు? ఆమె శోకం అందుకుంది. ఫోన్ చేస్తే రత్నాబాయి ఎత్తదు, పాపం ఏ గోడకు తల కొట్టుకుంటోందో అనుకున్నారు అందరూ. పాడె లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు గనుక పద్నాలుగు గదుల్లోనూ కుక్కర్లు దింపేశారు. మహబూబ్‌నగర్‌లో శివరాం తమ్ముడు బుచ్చయ్య బస్సెక్కేశాడు. శివరాం దగ్గరే పని నేర్చుకున్న అతుల్ వెదుళ్ళు తెచ్చి, మా మేస్త్రీకి నా చేత్తోనే కడతానని కళ్ళు తుడుచుకుంటూ పాడె పనికి కూర్చున్నాడు.

రత్నాబాయి ఫోన్ తిరిగి ఆన్ చెయ్యనే లేదు. ట్యాక్సీ ఆగేసరికి గల్లీ నిండా జనం. రత్నాబాయి వెదుళ్ళు చూసింది. ముందుగా దిగి, ఎవరు పోయారని తారాబాయిని అడిగింది. తారాబాయి రత్నాబాయి వెనక్కి వేలు చూపించింది. అక్కడ ఊతకర్ర పట్టుకుని శివరాం మెల్లగా ట్యాక్సీ దిగుతున్నాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

శివరాం ఎవర్నీ పట్టించుకోలేదు. నేరుగా పాడె దగ్గరికెళ్ళి కర్రతో ముడిని పొడిచాడు. దవడ రెండుసార్లు కదిలింది.

"గిట్లనేనారా... ముడి ఏసేది? నాలుగడుగులు పోకముందే... నన్ను కింద పారేస్తరు."

రత్నాబాయి ట్యాక్సీ తలుపు పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఏడు నెలలుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది.

"ఏమయ్యా," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఇంకోపారి తిట్టవూ."

అతను కాదనలేదు. అతుల్ చేత ముళ్ళన్నీ విప్పించి సరిగ్గా కట్టించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కుక్కర్లు మళ్ళీ పొయ్యిలెక్కాయి. సంగతి తెలిసినా బుచ్చయ్య మాత్రం, బయల్దేరాను కదా అని వస్తూనే ఉన్నాడు.

ఒక్క సిట్టింగుకే ఇంత గుణం రాదు, ఏది పని చేసిందో చెప్పలేనన్నాడు డాక్టరు మర్నాడు. ఇంకా పందొమ్మిది సిట్టింగులున్నాయి గనుక, ఎందుకైనా మంచిదని రత్నాబాయి ఆ పాడె విప్పొద్దని అతుల్‌కు చెప్పింది.