పొయ్యి మీద ఏమీ లేని వంట

జర కూసోండ్రి, చెప్త. చెప్పుటానికి సిగ్గయితాంది గని, నేను చెప్పకపోతే మా పక్కింటి విమలమ్మ చెప్తది. ఆమెను వాడకట్టంత రేడియో విమలమ్మ అంటరు. ఆమె నోట్ల పడి బజారుకెక్కే కంటే నా నోటితోని నేనే చెప్పుకునుడు నయం.

నేను వరంగల్ చౌరస్తల ఇత్తడి సామాన్లు అమ్మేటోన్ని. గంజులు, గిన్నెలు, గంటెలు పొద్దుందాక అమ్ముత. గిరాకి వస్తే ఏ గిన్నెల ఏ కూర మంచిగ ఉడుకుతదో గూడ చెప్త. ఈ పాండురంగం షావుకారుకు వంట ఎంత తెలుసో అనుకుంట పోతరు పాపం. నా తల్లితోడు, ఒక్కనాడు గూడ ఏ గిన్నెల ఏదీ ఉడకబెట్టినోన్ని కాదు.

మొన్న మా ఇంటామె కళావతి బయట కూసున్నది. ఆ దినాలల్ల ఆడోళ్లు వంటింటి గడప దాటరాదు, పొయ్యి ముట్టరాదు, మన ఇండ్లల్ల ఉన్నదే. ఎప్పుడైనా మా అమ్మ వండేది. ఈ మారు అమ్మ ములుగుల మా తమ్ముని ఇంటికి పోయింది. వెనక వసారల చాప మీద కూసోని కళావతి అడిగింది.

"విమలమ్మకు కబురు చెయ్యాల్నా, అన్నం పంపుమని?"

"నేను లేనా?" అన్న.

"మీరు వండుతరా?"

"వండుడంటే ఏంది? పొయ్యి మీద పెట్టుడు, ఉడికినంక దించుడు. దానికి ఇంత హంగామ చేస్తరు ఆడోళ్లు."

ఆమె నా మొఖం దిక్కు ఒకపారి చూసి "సరే" అన్నది. పెండ్లాం వాదించకుంట సరే అన్నదంటే మనిషి అక్కడ్నే ఆగాలె. నేను ఆగలే.

పొద్దుగాల అన్నం వండిన. అడుగు మాడింది, నడుమ పలుకున్నది, మీద జావయింది. ఒక్క గంజుల మూడు తీర్ల అన్నం. చాటుంగ తీస్కపోయి పక్కింటి బర్రె ముందట పెడితే అది వాసన చూసి మొఖం తిప్పుకున్నది. బర్రె ముందట తల దించుకున్న షావుకారు ఈ ఊర్ల నేనొక్కన్నే అయి ఉంట.

కళావతికి అటుకులు, పెరుగు పెట్టి "ఇయ్యాల దుకాణంల పనున్నది, రాత్రికి వండుత" అని చెప్పిన. చెప్పి సీద విమలమ్మ ఇంటికి పోయిన.

"అక్కా, రెండు దినాలు నువ్వే వండి పెట్టాలె. కళావతికి చెప్పద్దు."

"ఎందుకు చెప్పద్దు?"

"నేనే వండుతాన్ననని చెప్పిన."

ఆమె నవ్వు ఆపుకోని "నాకేంది, నేనెవ్వరికి చెప్త" అన్నది. దుకాణంల కెల్లి కొత్త ఇత్తడి చెంబు తెచ్చి ఆమె చేతుల పెట్టిన. చెంబు తీస్కున్నది. రేడియోకు చెంబిస్తే బందయితదని ఎట్ల అనుకున్ననో నాకే తెల్వదు.

పొద్దుమీకి కారేజి కండువ కింద పెట్టుకోని ముందటి తలుపు కెల్లి వంటింట్లకు పోయిన. కళావతి వెనకనే ఉండె, చూడలే. మంచిగ పనైందనుకున్న. అప్పుడు వసారల కెల్లి మాట వినపడ్డది.

"ఏమండీ, పెంకులల్ల నుంచి పొగ వస్తలేదు. పొయ్యి ముట్టలేదా?"

ఇది నేను సోచాయించలే. ఉరికి పోయి పొయ్యిల కట్టెలు పెట్టి ముట్టిచ్చిన. పొయ్యి మీద ఏమీ లేదు. కట్టెలు పచ్చివి. కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు, ఇల్లంత పొగ.

"ఇప్పుడొస్తాందా?"

"వస్తాంది. రోట్ల నూరిన చప్పుడైతే లేదు."

ఖాళీ రోట్ల రోకలేసి దంచిన. చేతులు బొబ్బలెక్కినయి.

"పోపెయ్యరా?"

ఉత్త గంటెల నూనె కాగబెట్టి ఆవాలేసిన. చిటపటమని ఎగిరి మీసానికి అంటుకున్నయి. చూస్తాన్నరు గద, ఎడమ దిక్కు మీసం కురచగున్నది. మంగలి తప్పు కాదు అది. నిజం చెప్పాల్నంటే, వండుడు కంటే వండినట్టు చేసుడే కష్టం.

విమలమ్మ పంపిన అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు పళ్లెంల పెట్టి దూరం నుంచి కళావతి ముందట పెట్టిన. ఆమె తిన్నది.

"పచ్చిపులుసు మంచిగున్నది. ఎంతసేపు మసలబెట్టిండ్రు?"

"చానసేపు. మసలకుంటే రుచెక్కడికెల్లి వస్తది?"

ఆమెకు పొలమారింది. నీళ్లు తాగి "అట్లనే అనుకున్న" అన్నది.

తెల్లారి పొద్దుమీకి దుకాణం నుంచి వచ్చేసరికి అరుగు మీద మా బావ కూసోని ఉన్నడు. కళావతి అన్న, నర్సంపేటల వడ్ల వ్యాపారం. నశ్యం వెంకట్రాజం అంటే అందరికి ఎరుకే. పెండ్లినాడు నలుగుర్ల నన్ను చూపిచ్చి "ఈయనకు అరటిపండు ఒలుచుకునుడు గూడ రాదు" అన్నడు. అప్పటి సంది ఈయన ముందట నేను తక్కువ కావద్దని నా పట్టుదల. ఏది పోయినా ఫికర్ లేదు గని, ఆ మాట నిజం కావద్దు.

"చెల్లె చెప్పింది బావా. నీ చేతి వంట మస్తుగున్నదట. మా ఆమె బయట కూసున్నప్పుడు నేను అటుకులు బుక్కుతాన్న. ఇయ్యాల నీ పక్కన కూసోని నేర్చుకుంట."

నశ్యం డబ్బి చేతుల పట్టుకోని పోయి పొయ్యి ముందట పీటేసుకున్నడు. అదే యాల్లకు ముందటి తలుపుకాడ విమలమ్మ కారేజి పట్టుకోని నిలవడ్డది. పొమ్మని సైగ చేసిన.

"ఎవరు బావా?"

"పాలామె."

"పాలామె కారేజిల తెస్తదా?"

"ఇప్పుడు గట్లనే తెస్తాండ్రు."

విమలమ్మ నా దిక్కు కొరకొర చూసి కారేజి తీస్కోని పోయింది. ఇగ అన్నం లేదు, కూర లేదు. నేను, పొయ్యి, బావ మిగిలినం. ఒప్పుకుందామని నోరు తెరిచిన. కిటికీ అవుతల కెల్లి కళావతి గొంతు వచ్చింది.

"ఏమండీ, ఎప్పటి తీరుగనే ముందుగాల కందిపప్పు కడిగి పొయ్యి మీద పెడుతరు గద?"

"పెట్టకుంటే ఎట్ల?" అని కడిగి పెట్టిన. చింతపండు రసం గిన్నె ఎత్తిన.

"పప్పు మెదిగినంకనే పులుసు పోస్తరు గద మీరు? ముందుగాల పోస్తే పప్పు ఉడకదని మీరే చెప్పిండ్రు."

"నేనే చెప్పిన" అని గిన్నె కింద పెట్టిన.

అట్లనే నడిచింది. అన్నానికి నీళ్లెన్ని, పసుపెప్పుడు, మిరపకాయలెప్పుడు, మంట ఎప్పుడు తగ్గియ్యాలె, అన్ని అడిగినట్టే అడిగింది, నేను చేసుకుంట పోయిన. నన్ను నవ్వులపాలు చేసుటానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఆ మాట అనలే. పొయ్యి దిక్కు తిరిగి కండ్లు తుడుచుకున్న. బావ పొగ అనుకున్నడు.

పోపు కాడ మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. మీసం యాదికొచ్చింది. బావ నా చేతుల గంటె గుంజుకున్నడు. నూనె కాగనిచ్చి, ఆవాలేసి, అవి చిట్లినంక జీలకర్ర, ఎల్లిపాయ, కరివేపాకు ఒకదాని ఎనుక ఒకటేసి, చారుల వంచి మూత పెట్టిండు. ఒక్క చుక్క కింద పడలే.

"బావా, నీకు వంటొస్తదా?"

"వస్తది."

"మరి నేర్చుకుంటనంటివి?"

"నీకు నేర్పుతనంటే నువ్వు రానిస్తవా?" అని నశ్యం పీల్చిండు. "చెల్లె కబురంపింది, మా ఆయన పచ్చిపులుసు మసలబెట్టిండట అని. పచ్చిపులుసు పొయ్యెక్కదు బావా. చింతపండు పిసికి, ఉల్లిగడ్డేసి, పచ్చిగనే పోసుకుంటరు."

నేను మూత తీసి ఉత్తగనే చారు కలిపిన.

"ఏం బాధపడకు. పోయినేడు మా తోడల్లుడు గూడ మా వంటింట్ల గిట్లనే పీటేసుకున్నడు, నేర్చుకుంటనని."

బావ రెండు మార్లు చారు పోయించుకోని తిన్నడు. తర్వాత కళావతి పళ్లెం తీస్కపోయిన. ఒక ముద్ద నోట్ల పెట్టుకున్నది.

"ఉప్పెయ్యలే."

"నువ్వు అడగలే."

"అన్నీ నేనే అడగాల్నా?" అని నవ్వి, ఉప్పేసుకోని అంత తిన్నది.

బావ పోయినంక అడిగిన, "మొదటి పూటనే తెలిసినప్పుడు ఎందుకు చెప్పలే?"

"చెప్పేదాన్నే. నాకు రాదు, జర చెప్పు అని మీరొక్క మాట అంటరేమో అని చూసిన. ఈ వసారల కూసోని పప్పు నుంచి పచ్చడిదాక చెప్పుదును. అటుకులు తినుకుంట గూడ చూసిన. మీరనలే."

ఇగ ప్రతి నెల ఆ దినాలల్ల వంట నాదే. ఆమె చెప్తది, నేను వండుత.

నవ్వకు కిషన్ రావూ. మీ ఇంటామె కట్టమ్మ వదినె నిన్న మా ఇంటికొచ్చింది. నువ్వు గూడ ఇంట్ల మా గొప్పగ వండుతాన్నవట, పొగ బాగనే వస్తాందట. ఇయ్యాల దుకాణం జల్ది మూస్త. పొయ్యి ముందట పీటేసి పెట్టు, నేర్చుకుంటానికి వస్త.