సరస్సు మీంచి వచ్చేది

"ఆ ఇంట్లో దయ్యం చూడాలి సార్ మీరు! సరస్సు మీంచి నేరుగా పడగ్గదిలోకి వచ్చేస్తుంది" అంది ఇళ్ళ ఏజెంటు ఫోన్లో, లడ్డూ దొరికిన పిల్లలా సంబరపడుతూ.

చెవులాయన నోట్లో పళ్ళ బ్రష్షు ఆగిపోయింది. ఊళ్ళో ఆయన్ను అందరూ చెవులాయన అనే అంటారు. వినికిడి మిషన్లు అమర్చడం ఆయన వృత్తి. ఎవరికి ఏ అక్షరం వినబడదో ఇరవై రెండేళ్ళుగా కనిపెట్టి చెబుతున్న మనిషి. అలాంటి మనిషి తన చెవిని తాను అనుమానిస్తాడా? వంటవాడు తన ఉప్పును అనుమానించినట్టుంటుంది.

"ముందున్నవాళ్ళు ఏమయ్యారండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఒక్కరే సార్, పెద్దాయన. పోయిన నెలే పైకి పోయారు. పాపం, ఎన్నాళ్ళనుంచో పైకి పోవాలనే ఆయన కోరిక. కానీ పడవ మీద మమకారం చావలేదు, రోజూ దిగొస్తూనే ఉంటారు. రేపు తెల్లారేసరికి వచ్చేయండి. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి సుమా, ఇంకో కుటుంబం కాచుకుని ఉంది."

ఆ కుటుంబం ఏ లోకంలో కాచుకుని ఉందో అడిగే ధైర్యం లేక ఫోను పెట్టేశాడు.

చెవులాయనకు కొండలంటే ప్రాణం, నీళ్ళంటే రెండో ప్రాణం. కాపురం మాత్రం ఆరో అంతస్తులో. సెలవు దొరికితే చాలు, గుడారం, తాళ్ళు మూటగట్టుకుని మాయమయ్యేవాడు. కిటికీ తీస్తే కొండ, తలుపు తీస్తే నీళ్ళు ఉన్న చోటికి మారిపోదామని పన్నెండేళ్ళుగా ఇంట్లో పోరు. చివరికి మొన్ననే భార్య ఒక మెట్టు దిగింది. "ఒక్క ఇల్లు చూస్తాను. ఒకే ఒక్కటి. నచ్చిందా, సరే. నచ్చలేదా, ఈ జన్మకి బాల్కనీలో మనీప్లాంటే మీ అడవి."

ఆ ఒకే ఒక్క ఇంట్లో దయ్యం! భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. వినలేదు, బతికాను అనుకున్నాడు. ఆవిడకు దయ్యం కనబడకుండా ఇల్లు చూపించి, ఊఁ అనిపించుకుని, సంతకం పెట్టించేస్తే ఆ తర్వాత సంగతి తర్వాత.

మర్నాడు చీకటితోనే బావమరిది కారు తెచ్చాడు. బావమరిదికి వ్యాయామశాల ఉంది. ఛాతీ నలభై ఆరంగుళాలు, అందులో గుండె ఎక్కడుందో వెతుక్కోవాలి. గుట్టల మీద ప్రేమున్నవాడికి గుట్టు ఆగదు కనుక, పెట్రోలు పోయిస్తుండగా చెవులాయన అతన్ని పక్కకు లాగి విషయం చెప్పేశాడు.

"దయ్యమా! బావా, నేను కార్లోనే ఉంటాను."

"ఒరేయ్, నూట ఇరవై కిలోలు ఎత్తుతావు, దయ్యానికి బరువే ఉండదు కదరా!"

"అదే బావా భయం. బరువు లేనిదాన్ని ఎత్తడం నాకు రాదు."

సరస్సు దగ్గరికి చేరేసరికి లోకమంతా పాలల్లో ముంచి తీసినట్టుంది. కొండ లేదు, చెట్టు లేదు, రోడ్డు చివర ఆ ఇల్లొక్కటే మంచులో తేలుతోంది. పక్షి కూడా కూయడం లేదు. ఒడ్డున కట్టిన పడవ, గాలి లేకుండానే, ఎవరో ఇప్పుడే దిగినట్టు మెల్లగా ఊగుతోంది.

"మంచి ఇల్లన్నారు, మంచు ఇల్లు చూపిస్తున్నారు" అన్నాడు చెవులాయన, నవ్వు తెచ్చిపెట్టుకుని. ఎవరూ నవ్వలేదు. ఆయన పళ్ళు మాత్రం టకటకలాడాయి.

తాళాలగుత్తితో ఏజెంటు వరండాలో నిలబడి ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర తడి పాదాల గుర్తులు. నీళ్ళలోంచి మొదలై, మెట్లెక్కి, వరండా దాటి, పడగ్గది కిటికీ దాకా వెళ్ళాయి. తిరిగొచ్చిన గుర్తులు లేవు.

"పెద్దాయన ఇక్కడే ఎక్కడో ఉన్నట్టున్నారు, ఇంకా తడి ఆరలేదు" అంది ఏజెంటు మామూలుగా.

"రోజూ వస్తారా?" అడిగింది భార్య.

"ఎండైనా మంచైనా తప్పదమ్మా."

"మాట్లాడతారా?"

"వదిలితే కదా! పట్టుకున్నారంటే గంట."

భార్య కళ్ళు పెద్దవయ్యాయి. భయంతోనే అనుకున్నాడు చెవులాయన. "ఆవిడ ఏదో సరదాకి అంటోంది! సరస్సు చూడు, సరస్సు!" అన్నాడు. సరస్సు కనబడితే కదా.

లోపల కుర్చీలు, బల్లలు, మంచాలు అన్నిటికీ తెల్ల దుప్పట్లు కప్పి ఉన్నాయి. గది గదికీ ఓ సభ మాటలాపి తమకేసి చూస్తున్నట్టుంది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. టప్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టప్.

"పదండి, పడగ్గదిలో నిలబడదాం" అంది ఏజెంటు వాచీ చూసి. "ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుంది."

"వచ్చేస్తుందా!" చెవులాయన బావమరిది రెక్క పట్టుకుని ఒక్క అంగలో పడగ్గదిలో దూరి లోపల్నుంచి గడియ పెట్టేశాడు. "బీరువా జరుపు! కిటికీకి అడ్డం!"

"ఏవండీ! ఏమిటీ వేషాలు?" తలుపు అవతల భార్య.

"ఏం లేదోయ్, గాలి వస్తుందా లేదా అని చూస్తున్నాం!"

"కిటికీ మూసుకునా?"

బీరువా సగం జరిగేసరికి దాని మీది దుప్పటి జారి చెవులాయనను నిలువునా కప్పేసింది. సరిగ్గా అప్పుడే కిటికీ మీద దెబ్బ. ఒకటి. రెండు. గాజుకు అవతల మంచులో తెల్లటి ఆకారం, దాని గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరది నా గదిలో?" బావిలోంచి వచ్చినట్టుంది గొంతు.

బావమరిది నలభై ఆరంగుళాలనూ మంచం కిందికి దూర్చేశాడు. చెవులాయన చేతికి దొరికిన ఆయుధం జేబులోని పరీక్ష కడ్డీ ఒక్కటే. మోగించి చెవి దగ్గర పెట్టి వినబడుతోందా అని అడిగే ఆ ఇనుప కడ్డీని గోడకేసి కొట్టాడు. "మ్‌మ్‌మ్‌..." అంటూ సన్నటి మూలుగు గదంతా పాకింది. ఆ అదురుకి కిటికీ రెక్క దానంతటదే తెరుచుకుంది.

ఒక తెల్లటిది ఇంకో తెల్లటిదాన్ని చూసింది. రెండూ ఒకేసారి కేకపెట్టాయి.

బయటి ఆకారం వెనక్కి వెనక్కి నడిచి, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవలో వేసింది. పేరు పడవే అయినా, అలా ఎక్కితే పడకుండా ఉంటారా? దబ్బుమంది. "దయ్యం! నా ఇంట్లో దయ్యం! మూలుగుతోంది!" అని నీళ్ళలోంచి కేకలు. ఆ కేకలకు కొండ మీదినుంచి అడుగుల చప్పుడు. ఉదయపు నడకకు బయల్దేరిన పది పన్నెండు మంది తాళ్ళు, కర్రలు పట్టుకుని మంచులోంచి ఊడిపడ్డారు. నీళ్ళలోంచి పెద్దాయనను లాగారు. పడగ్గది తలుపు విరగ్గొట్టి దుప్పటిలోంచి చెవులాయనను లాగారు. మంచం కిందినుంచి బావమరిదిని లాగడానికి మాత్రం అందరూ కలిసినా చాలలేదు.

"నన్నంటారేం! ఆ ముసలాయన చచ్చిపోయాడని ఈవిడే చెప్పింది!" అరిచాడు చెవులాయన.

"నేనా?" ఏజెంటు నోరు తెరిచింది. "పైకి పోయారన్నాను సార్! పైకంటే కొండ మీదికి! అక్కడ ఇల్లు కట్టుకున్నారు!"

"బతికుండగానే పైకి పంపించేశావు కదయ్యా" అన్నాడు పెద్దాయన గడ్డం పిండుకుంటూ. "పొద్దున్నే పడవ వేసుకుంటాను. కిటికీ దగ్గర తెడ్డు పెట్టుకుంటాను. అదీ తప్పేనా?"

"మరి దయ్యం? సరస్సు మీంచి పడగ్గదిలోకి వచ్చేది?"

ఏజెంటు జవాబు చెప్పబోయేంతలో కొండ అంచున మంచు చీలింది. నీళ్ళ మీద ఎర్రటి దారి పరుచుకుంటూ వచ్చి, వరండా దాటి, కిటికీలోంచి మంచం మీద వాలింది. గదంతా బంగారం అయింది.

"ఇదిగో సార్. ఉదయం! ఆ ఇంట్లో ఉదయం చూడాలి అన్నాను!"

ఒక్క 'ఉ' ఫోన్లో గాలికి పోయినందుకు ఇంత గాలిదుమారం రేగిందని అందరికీ అప్పుడు తెలిసింది. నడకవాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వనిది ఒక్క చెవులాయన భార్యే.

"అయితే దయ్యం లేదా?" అంది, మొహం చిన్నబుచ్చుకుని.

"నువ్వూ విన్నావా!"

"గోడ అవతలికి కూడా వినబడేలా పెట్టుకుంటారు కదా మీ ఫోను! విన్నాను కాబట్టే వచ్చాను."

"దయ్యమని తెలిసీనా?"

"ఆరో అంతస్తయితే పక్కింటివాళ్ళున్నారు. ఇక్కడికొస్తే మీరు కొండలు పట్టుకుని పోతారు, నేనీ నాలుగు గోడలతో మాట్లాడుకోవాలి. దయ్యమైతేనేం, రోజూ వస్తుంది, పట్టుకుంటే గంట మాట్లాడుతుంది అన్నారు. మీకంటే నయమే కదా అనుకున్నాను."

చెవులాయన చెవులు మొదటిసారి పూర్తిగా విన్నాయి. ఇంకా భుజం మీదున్న దుప్పటి తీసి మడత పెట్టసాగాడు.

"అమ్మాయ్, రోజూ నేనొస్తాగా" అన్నాడు పెద్దాయన తుమ్ముతూ. "మాటలకేం కరువు!"

ఆవిడ ఆ వెలుగుకేసి చూసింది. తర్వాత ఏజెంటు చేతిలోంచి ఒప్పంద పత్రం తీసుకుని, 'నివసించువారు' అన్నచోట తన పేరూ, 'అప్పుడప్పుడు వచ్చిపోవువారు' అన్నచోట భర్త పేరూ రాసి సంతకం పెట్టింది.