స్వావలంబనకు ఒక కుర్చీ

"ఇకనుంచి మా స్వావలంబన శాఖ ఎవరిమీదా ఆధారపడదు" అని మంత్రిగారు గంభీరంగా ప్రకటించారు. మైకు మాత్రం మా ల్యాబ్‌ది. ఆ చారిత్రక ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం, అక్కడ గాజుసామాను కడిగే నాక్కూడా దక్కింది.

మా మేడమ్ పరిశోధన కణాల్లో దూరే బ్యాక్టీరియా మీద. దానికి సొంత వంటిల్లు లేదు. కణంలోని కొవ్వు, ఇనుము తిని పిల్లల్ని కంటుంది. కణం తానే చచ్చి దాన్ని వదిలించుకోబోతే చావనివ్వదు కూడా. చోటు చాలకపోతే పక్క కణంలో దూరుతుంది. ఏది అందకుండా చేస్తే దాని ఆట కట్టవుతుందో తేల్చడానికి, మేడమ్ మూడేళ్లుగా కణాలను వెచ్చటి పెట్టెలో కంటికి రెప్పలా పెంచుతున్నారు. ఇంకో తొమ్మిది రోజుల్లో జవాబు తేలిపోతుంది.

మంత్రిగారు మైక్రోస్కోపులో తొంగిచూసి మురిసిపోయారు. "సొంత బిల్డింగు లేదు, సొంత స్టాఫు లేదు. అయినా ఎంత ఎదిగిందో చూడండి. స్వావలంబనంటే ఇదమ్మా."

"అది బతికేదే కణం మీద సార్" అన్నారు మేడమ్.

"మా పాలసీ కూడా అదే."

మర్నాడు శాఖ కార్యదర్శి వచ్చాడు. ఎంత మర్యాదస్తుడో! "ఒక్క కుర్చీ చాలండి, ఆ మూల కూర్చుంటాను" అన్నాడు. కుర్చీ నేనే వేశాను. కుర్చీ ఉన్నాక టేబులు లేకపోతే బాగుండదు. టేబులున్నాక ఫైళ్లు, ఫైళ్లున్నాక గుమాస్తాలు. వారం తిరక్కుండా పదకొండుమందయ్యారు. టైపు కొట్టడానికి మా టైపిస్టు, టీ పెట్టడానికి నేను. అంత పెద్ద శాఖకు సొంతంగా గుండుసూది కూడా లేదంటే, ఆ నిష్ఠకు చేతులెత్తి మొక్కాలి.

ఎనిమిదో రోజు వాళ్ల ఏసీకి ప్లగ్గు చాలక వెచ్చటి పెట్టె వైరు పీకేశారు. మేడమ్ వచ్చేసరికి కణాలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఆవిడ ఏడవలేదు. రాజీనామా రాసిచ్చారు.

కార్యదర్శి కంగారుపడిపోయాడు. "మీరెళ్తే ల్యాబ్ మూసేస్తారమ్మా. అప్పుడు మేమెక్కడుండాలి?" అని ఆ కాగితం చింపేసి, సాయంత్రానికల్లా మేడమ్‌కి 'స్వావలంబన రత్న' పతకం తెప్పించాడు. తగిలించడానికి పిన్ను నన్నే అడిగాడు.

పతకంతోనే మేడమ్ నా స్టూలు మీద కూలబడ్డారు. గదిలో ఇంకెక్కడా చోటు లేదు మరి. అప్పుడే పక్క బిల్డింగు లైబ్రేరియన్ తలుపు తోసుకొచ్చాడు.

"అన్నా, ఒక కుర్చీ ఉంటే ఇస్తావా? మా దగ్గరికి ఒకాయన వచ్చాడు. పాపం, చాలా మర్యాదస్తుడు. మూల కూర్చుంటాడట."

మేడమ్ తలెత్తి అతన్నే చూశారు.

"మీ లైబ్రరీలో ప్లగ్గులెన్ని బాబూ?" అని అడిగారు.