రోబో నడిచిన ముగ్గు

ఆ ఉదయం దేవసహాయం గారి ఏర్పాటు చాలా చిన్నది. తిరుమలగిరి కాలేజీలో ఆయన నడిపే ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూడటానికి ప్రిన్సిపాల్ ఆర్థర్ గారు వస్తారు. ఆయన అడుగుల చప్పుడు వినగానే తోటి లెక్చరర్ మేబెల్ రోబో స్విచ్చి వేస్తుంది. నల్లటి కడప బండల మీద అంటించిన తెల్ల టేపు వెంట అది నడిచి, టేపు అయిపోయిన చోట, సరిగ్గా గుమ్మం ముందు ఆగుతుంది. ఆగితే ల్యాబు ఉంటుంది. లేకపోతే ఆ గది క్యాంటీన్ సామాన్లకు పోతుంది.

టిఫిన్ డబ్బా అంత రోబో అది. పొట్ట కింద చిన్న దీపాలు, పక్కనే ఆ వెలుగును పట్టుకునే కళ్లు. తెలుపు మీద పడ్డ వెలుగు తిరిగొస్తుంది, నలుపు మింగేస్తుంది. దానికి తెలిసిన లోకం అంతే. అంత కొంచెం చూపుతోనే దారి తప్పకుండా నడుస్తుంటే ఆయనకు ప్రతిసారీ ఒళ్లు పులకరించేది.

ఆయన టీ తాగి వచ్చేసరికి, టేపు చివరి నుంచి గుమ్మం నిండా పెద్ద మెలికల ముగ్గు!

"ఇదేంటి పుష్పమ్మా!"

"ఎవరో గీత గీసి సగంల ఇడిసిపెట్టిన్రు సార్. పెద్దసారు వస్తుండు గద, నేనే పూర్తి జేసిన," అంది అటెండరు పుష్పమ్మ.

ఆయన తడిగుడ్డ అందుకున్నారు. ఆమె రెండో కొస పట్టుకుంది.

"మనిషి వచ్చే యాళ్లకు ముగ్గు తుడుస్తరా? ఏందీ గిట్ల పరేషాన్ జేస్తున్రు!"

"వదులమ్మా, నా ల్యాబు పోతుంది!"

గుడ్డ చిరిగింది. ఇద్దరూ చెరో పక్క కూలబడ్డారు. అప్పుడే బూట్ల చప్పుడు. లోపల మేబెల్, చెప్పిన ప్రకారం, స్విచ్చి వేసేసింది.

రోబో టేపు దాటింది. ఆగలేదు. ముగ్గులోకి దిగింది. ముగ్గు తొక్కలేక ఆర్థర్ గారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, తలుపు పట్టుకున్నారు.

అది ఒక చుక్క చుట్టూ ఒంపు తిరిగింది. గీతను గీత దాటిన చోట కాస్త తటపటాయించి, ముందుకే సాగింది. పక్కకి ఒరిగినప్పుడల్లా తనే సర్దుకుంది. మెలిక మెలికా చుట్టి, మళ్లీ టేపెక్కి లోపలికి వెళ్లిపోయింది. ఈ దారి దేవసహాయం గారు దానికి నేర్పింది కాదు. ఆయన నేల మీదే కూర్చుని, కళ్లజోడు తుడుచుకున్నారు.

"దానికి కండ్లున్నయా సార్?"

"పొట్ట కింద ఉన్నాయమ్మా."

"మా కోడలు సుత ఇంత సక్కగ తిప్పదు."

ఆర్థర్ గారు కాలు దించుకున్నారు. "గీత మీద నడుస్తుందన్నారు గానీ, ముగ్గు చుట్టి వస్తుందని చెప్పలేదేమండీ! గది మీదే. కాలేజీ కమిటీవాళ్లు వచ్చే వారం వచ్చి చూసేదాకా ఈ ముగ్గు మాత్రం ఎవరూ చెరపొద్దు."

ఆ వారమంతా ల్యాబులోకి రాకపోకలు కిటికీలోంచే సాగాయి.