ముక్కూమొహం తెలియని సలహా

శనివారం ఒంటిపూట బడి కాగానే ఆత్మకూరు పోయి మోపెడ్ సంగతి తేల్చుకురావాలని రెబెకమ్మ పొద్దున్నే నిశ్చయించుకుంది. ఉదయగిరి నుంచి ఆమె పాఠాలు చెప్పే పల్లెకు ఉన్న ఒక్క బస్సూ వేళకు రాదు. ఇంకోసారి ఆలస్యమైతే మెమో ఇస్తానని హెడ్మాస్టరు చెప్పేశాడు.

ఏ బండి మంచిదంటే ఊళ్లో ఒక్కరూ తిన్నగా చెప్పలేదు. షాపు జనార్దనయ్య తాను అమ్మేదే బండి అన్నాడు. భర్త హెన్రీ స్నేహితుడు తన పాతబండి అంటగట్టబోయాడు. ఆడది బండెక్కితే నలుగురూ నవ్వుతారని అత్త దేవకమ్మ అడ్డం పడింది.

"నాతో ఏ లాభమూ లేనోళ్లు చెప్తేనే నమ్ముతాను," అని రెబెకమ్మ బస్సెక్కింది.

ఆత్మకూరులో కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన నిసార్, బండ్లు వాడేవాళ్లు మంచిచెడ్డలు రాసుకునే చోటు వెతికిపెట్టాడు. పేరూ ఊరూ లేకుండా ఆమె ప్రశ్న రాయించింది. మరుసటి వారం ఆమె మళ్లీ వెళ్లేసరికి జవాబులొచ్చి ఉన్నాయి. సగం కంపెనీ పొగడ్తలే. ఒకరు మాత్రం తమ బండికి వానలో బ్రేకు సరిగా పడదనీ, ఎత్తెక్కేటప్పుడు మూలుగుతుందనీ, అయినా కొనమనీ, ఒకర్ని బతిమాలే పని తప్పుతుందనీ రాశారు. లోపాలు కూడా చెప్పినందుకు రెబెకమ్మకు గురి కుదిరింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పడమే పొరపాటైంది. కోడలికి కంప్యూటర్లో ఎవరో రాశారని దేవకమ్మ పక్కింట్లో వాపోయింది. సాయంత్రానికి ఆ ఎవరో మగవాడయ్యాడు. ఆదివారం ఆరాధన ముగిసేసరికి టీచరమ్మ అతనితో వెళ్లిపోబోతోంది. హెన్రీ అన్నం మానేశాడు. పాస్టరు వరప్రసాదం బుద్ధి చెప్పడానికి వచ్చాడు.

"తప్పు చేసుంటే దాచేదాన్ని. మీరే వచ్చి ఆ రాసినోళ్లనే అడగండి," అంది రెబెకమ్మ.

మర్నాడు బడి వదలగానే అందరూ జీపు కట్టించుకుని ఆత్మకూరు వెళ్లారు. ఉదయగిరి టీచరమ్మకు సలహా చెప్పిన మీరెవరని పాస్టరు రాయించాడు. టీలు తాగేలోపే జవాబొచ్చింది. నిసార్ దాన్ని తెలుగులో చదివాడు.

"మాదీ ఉదయగిరే. నా పేరు ఏంజెలిన్, బెంగుళూరులో నర్సును. నేను బండి నడుపుతుండానని మా అమ్మ దేవకమ్మకు మాత్రం చెప్పొద్దు."

హెన్రీ చెల్లెలి పేరు వినగానే పాస్టరు ప్రార్థనకన్నట్టు కళ్లు మూసుకున్నాడు. దేవకమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"నేను అడిగి కొంటుండాను అత్తా," అంది రెబెకమ్మ. "నీ కూతురు అడగను కూడా లేదు."

వారం తిరక్కుండా రెబెకమ్మ కొత్త మోపెడ్ మీద బడికి బయల్దేరింది. వెనక సీట్లో దేవకమ్మ కూర్చుంది; కూతుర్ని ఫోన్లో తిట్టాలి, ఎస్టీడీ బూత్ దాకా దింపమంది.